కార్డు పోయిందా, ఎర్తింగ్ ఎండిందా: పాత సిస్టంలో నెట్ ఆగిన చోటు

తాడిపత్రి చుట్టుపక్కల బండల పాలిష్ యూనిట్లలో, అనంతపురం వైపు వేరుశనగ మిల్లుల కాటా గదుల్లో పది పదిహేనేళ్ల నాటి కంప్యూటర్లు ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. యజమానుల పిసినారితనం వల్లే అవి అక్కడ ఉన్నాయనుకోనక్కర్లేదు. లారీ కాటా నుంచి బరువు అందుకునే సీరియల్ పోర్టు వాటికే ఉంటుంది. కాటా సాఫ్ట్‌వేర్ విండోస్ 7 దాటితే మొరాయిస్తుంది. లైసెన్సు డాంగిల్ ఏమో పాత ప్రింటర్ పోర్టుకే తగిలించి ఉంటుంది. అలాంటి సిస్టంలో ఒకరోజు పొద్దున్నే నెట్ రాదు. వేబిల్లు తీయాలి, బయట లారీ నిలబడి ఉంది. పిలిస్తే వచ్చిన మెకానిక్ సీపీయూ మూత కూడా విప్పకుండా ‘నెట్‌వర్క్ కార్డు పోయింది’ అనేస్తాడు.

ఈ తీర్పు చాలాసార్లు తొందరపాటే. నెట్‌వర్క్ కార్డు విడిగా గుచ్చినదైనా, మదర్‌బోర్డు మీదే చిప్‌గా ఉన్నదైనా, అందులో తిరిగే భాగం ఒక్కటి కూడా లేదు, అరిగిపోయేదీ లేదు. హార్డ్ డిస్కులా, ఫ్యానులా దానంతట అది ముసలిదైపోదు. అది నిజంగా చచ్చిందంటే బయటినుంచి ఏదో వచ్చి చంపి ఉండాలి. అదేమిటో తేల్చకుండా కొత్త కార్డు గుచ్చితే మళ్లీ ఉరుములు మొదలయ్యేసరికి అదీ పోతుంది.

ముందు లైటు చూడాలి

స్క్రీన్ మీద ఏముందో తర్వాత. మొదట సీపీయూ వెనక్కి వెళ్లి కేబుల్ దూర్చిన చోట లైట్లు చూడాలి. సాధారణంగా రెండుంటాయి. ఒకటి లింకు దొరికిందని నిలకడగా వెలుగుతుంది, రెండోది డేటా నడిచినప్పుడు మినుకుమంటుంది. రంగుల అర్థం బోర్డుబోర్డుకూ మారుతుంది కాబట్టి పచ్చదా పసుపుదా అని తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. వెలిగిందా లేదా, నిలకడగా ఉందా కొట్టుకుంటోందా అన్నదే ముఖ్యం.

లింకు లైటు ఉండి నెట్ లేకపోతే కార్డు, కేబుల్, అవతలి స్విచ్చు (కేబుళ్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ పెట్టె) మూడూ విద్యుత్‌పరంగా మాట్లాడుకుంటున్నట్టే. తప్పు సాఫ్ట్‌వేర్లోనో, సెట్టింగుల్లోనో, రూటర్ అవతలో ఉంది. లైటే లేకపోతే విండోస్‌లో ఏ సెట్టింగు మార్చినా సాధారణంగా ఫలితం ఉండదు. కార్డును డిజేబుల్ చేసి ఉంటే మాత్రం ఇది వర్తించదు. ఈ ఒక్క తేడా పట్టించుకోకపోవడం వల్లే, వైరు తెగిపోయిన సిస్టంకు విండోస్ మళ్లీ ఎక్కించడం లాంటి పనులు జరుగుతుంటాయి.

లైటు లేనప్పుడు మొదట చేయాల్సింది చూస్తే చిల్లర పనిలా ఉంటుంది. సిస్టం ఆపి, పవర్ కేబుల్ గోడ ప్లగ్గు నుంచి పూర్తిగా పీకి, సీపీయూ పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని, ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టాలి. షట్‌డౌన్ చేసినా ఎస్ఎంపీఎస్ (సీపీయూలోని పవర్ సప్లై) నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు మదర్‌బోర్డుకు అందుతూనే ఉంటుంది. దూరం నుంచి సిస్టం ఆన్ చేసే ‘వేక్ ఆన్ ల్యాన్’ సదుపాయం కోసం నెట్‌వర్క్ చిప్ ఆ కరెంటు మీదే మెలకువగా ఉంటుంది. అందుకే చిప్ బిగుసుకుపోతే ఎన్ని రీస్టార్టులు చేసినా కదలదు. మిల్లులో మోటారు స్టార్టయిన క్షణంలో వోల్టేజి పడిపోవడం, కరెంటు పోయి పోయి రావడం ఇలాంటి బిగుసుకుపోవడానికి తరచూ కారణమవుతాయి. రియల్‌టెక్ కంపెనీ 8168 వంశపు చిప్‌లున్న బోర్డుల్లో ఈ పీకి పెట్టే వైద్యం చాలాసార్లు పనిచేస్తుంది. ‘పోయిన’ కార్డులు కొన్ని ఇక్కడే బతికొస్తాయి.

కేబుల్ చేసే మోసాలు

ఆ తర్వాత అనుమానించాల్సింది కేబుల్‌ని. పనిచేస్తున్న లాప్‌టాప్‌కు అదే కేబుల్ చివర గుచ్చి చూడటం ఒక నిమిషం పని. అయితే లాప్‌టాప్‌కు వచ్చి, పాత సిస్టంకు రాకపోతే వెంటనే కార్డు మీద తోసేయకూడదు. పాత జాకులో రాగి పళ్లు లోపలికి అణిగిపోయి, ఒక పోర్టులో తగిలి ఇంకో పోర్టులో తగలకపోవచ్చు. జాకును వెలుతురుకు ఎత్తి పట్టి ఎదుటినుంచి చూస్తే ఎనిమిది పళ్లూ ఒకే ఎత్తులో కనిపించాలి. ఒకటి పైకో కిందకో ఉందంటే ఆ జాకు కోసేసి మళ్లీ క్రింప్ చేయాలి. వరుస తెలిసిందే: తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-పచ్చ, నీలం, తెలుపు-నీలం, పచ్చ, తెలుపు-బ్రౌన్, బ్రౌన్.

ఈ ఎనిమిదింటిలో 100 ఎంబీపీఎస్ కార్డుకు కావలసినవి నాలుగే. 1, 2, 3, 6 పిన్నులు, అంటే ఆరెంజ్ జత, పచ్చ జత. గిగాబిట్‌కు, అంటే 1000 ఎంబీపీఎస్‌కు మాత్రం నాలుగు జతలూ కావాలి. ఒకప్పుడు ఒకే కేబుల్లో రెండు సిస్టంలకు కనెక్షన్ లాగేవారు, మిగిలిన జతల్ని ఫోనుకు వాడుకునేవారు. పాత 10/100 స్విచ్చు ఉన్నంతకాలం అది నడిచింది. రూటర్ మార్చి గిగాబిట్ పోర్టులున్నది పెట్టిన రోజు నుంచి లింకు వచ్చి పోతూ ఉంటుంది. కారణం ఇది: వేగం గురించి బేరం జరిగేది మొదటి రెండు జతల మీదే. రెండు వైపులా గిగాబిట్ చేయగలమని ఒప్పుకుంటాయి, తీరా మొదలుపెడితే మిగతా రెండు జతలు లేవు. లింకు పడిపోతుంది, మళ్లీ బేరం మొదలు. కొన్ని చిప్‌లు తమంతట తామే 100కు దిగివస్తాయి, కొన్ని రావు. రానిదానికి డ్రైవర్ అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో, గిగాబిట్‌ను వదిలేసి 100 మాత్రమే ఒప్పుకునేలా పెడితే అప్పటికి పని గడుస్తుంది. అసలు పరిష్కారం కొత్త కేబులే.

ఇక్కడ ఒక హెచ్చరిక. ‘100 ఫుల్ డూప్లెక్స్’ అని ఒకవైపు బలవంతంగా పెట్టి, అవతలి స్విచ్చును ఆటోలో వదిలేస్తే, స్విచ్చుకు డూప్లెక్స్ సంగతి (పంపడం, అందుకోవడం ఒకేసారి జరిగితే ఫుల్, వంతులవారీగా జరిగితే హాఫ్) తెలిసే దారి లేక హాఫ్‌కు దిగిపోతుంది. లైటు వెలుగుతుంది, పింగ్ (అవతలి యంత్రం పలుకుతోందో లేదో చూసే చిన్న పరీక్ష) వెళ్తుంది, ఫైల్ కాపీ మాత్రం నత్తనడక నడుస్తుంది. ఈ రోగాన్ని లక్షణాలతో పట్టుకోవడం చాలా కష్టం. తాత్కాలికంగా పెట్టిన సెట్టింగును తర్వాత ఆటోకి మార్చడం మరిచిపోవడమే దీనికి మూలం.

మిద్దెల మీదుగా లాగిన కేబుల్‌ది ఇంకో కథ. రాయలసీమ ఎండకు ఇంటిలోపల వాడే పీవీసీ తొడుగు రెండు మూడు వేసవులకే పెళుసెక్కి పగులుతుంది. తక్కువ ధరకు దొరికే కేబుల్లో చాలావరకు లోపలిది రాగి కాదు, రాగి పూత పూసిన అల్యూమినియం. తీగ చివర బ్లేడుతో గీరితే లోపల తెల్లగా మెరుస్తుంది. దానికి నిరోధం ఎక్కువ, నాలుగుసార్లు వంచితే పుటుక్కుమంటుంది. కేబుల్ నిడివికి పెట్టిన 100 మీటర్ల పరిమితి మంచి రాగి తీగకు మాత్రమే.

స్క్రీన్ చెప్పే సంకేతాలు

కేబుల్ మంచిదని తేలాక విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరవాలి. అక్కడ కార్డు పేరే లేకపోతే రెండు దారులు: బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లో) ‘ఆన్‌బోర్డ్ ల్యాన్’, అంటే బోర్డు మీది నెట్‌వర్క్ చిప్, డిజేబుల్ అయి ఉండొచ్చు, లేదా విడి కార్డయితే స్లాట్‌లో సరిగా కూర్చోకపోవచ్చు. పేరు బదులు పసుపు గుర్తుతో ‘ఈథర్‌నెట్ కంట్రోలర్’ అని మాత్రమే ఉంటే అది శుభవార్తే. కార్డు సిస్టంకు కనబడుతోంది, లేనిది డ్రైవరే. దీని సంకేతం కోడ్ 28. కోడ్ 22 అంటే ఎవరో డిజేబుల్ చేశారు. కోడ్ 10 అంటే డ్రైవర్ ఉంది, కార్డు మొదలుకాలేకపోతోంది. అది తప్పు డ్రైవర్ కావొచ్చు, చిప్ దెబ్బతిని ఉండొచ్చు.

డ్రైవర్ వెతకడానికి కార్డు డబ్బా మీది కంపెనీ పేరు పనికిరాదు. ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ ట్యాబ్, అందులో హార్డ్‌వేర్ ఐడీస్ చూడాలి. ‘వెన్’ తర్వాతి నాలుగు అక్షరాలు తయారీదారును చెబుతాయి: 10ఈసీ అయితే రియల్‌టెక్, 8086 అయితే ఇంటెల్. ‘డెవ్’ తర్వాతివి చిప్‌ను చెబుతాయి: 8139 అయితే పాత పీసీఐ 100 ఎంబీపీఎస్ కార్డు, 8168 అయితే మదర్‌బోర్డు మీది గిగాబిట్ చిప్, 8136 అయితే బోర్డు మీదిదే కానీ 100 ఎంబీపీఎస్‌ది. డ్రైవర్ దించుకోవడానికే నెట్ లేదు కదా అనుకుంటే, ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే సరిపోతుంది. విండోస్ 7 మామూలుగా దాన్ని నెట్‌వర్క్ కార్డుగానే గుర్తిస్తుంది. విండోస్ ఎక్స్‌పీలో మాత్రం దానికీ డ్రైవర్ కావాలి.

కార్డు బాగానే కనిపిస్తున్నప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్’ (ipconfig /all) కొట్టి రెండు అంకెలు చూడాలి. ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే రూటర్ నుంచి చిరునామా రాక విండోస్ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. ఫిజికల్ అడ్రస్ మొత్తం సున్నాలుగానో ఎఫ్‌లుగానో ఉంటే కార్డు మీద తన నంబరు దాచుకునే చిన్న మెమరీ చిప్ చెడింది. పాత 8139 కార్డుల మీద అది ఎనిమిది కాళ్ల బుల్లి చిప్‌గా విడిగా కనిపిస్తుంది, పేరు 93సీ46.

పింగ్ చేసే క్రమంలోనూ అర్థం ఉంది. 127.0.0.1 నుంచి, అంటే సిస్టం తనను తానే పిలుచుకునే చిరునామా నుంచి, జవాబు రావడమంటే కార్డు బాగున్నట్టు కాదు. ఆ ప్యాకెట్ కార్డు దాకా వెళ్లదు, విండోస్‌లోని నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ బాగుందని మాత్రమే తెలుస్తుంది. దానికే జవాబు రాకపోతే ‘నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్’ (netsh winsock reset) కొట్టి రీస్టార్ట్ చేయాలి. సగం తీసేసిన యాంటీవైరస్‌లు వదిలిపెట్టే చెత్తకు ఇది మందు. తర్వాత రూటర్ చిరునామాకు పింగ్ చేయాలి. అక్కడినుంచి జవాబు వస్తే కార్డు నిర్దోషి.

ఆ నిర్దోషి మీద పడే నిందల్లో విచిత్రమైనది తేదీది. మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 సెల్లు అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ సిస్టం తేదీ బోర్డు పుట్టిన కాలానికి వెళ్లిపోతుంది. భద్రత ఉన్న ప్రతి సైటు సర్టిఫికెట్‌నూ బ్రౌజర్ ఈ తేదీతో సరిచూస్తుంది కాబట్టి ఒక్కటీ తెరుచుకోదు. పింగ్ వెళ్తుంది, లైటు వెలుగుతుంది, ‘నెట్ రావట్లేదు’. కొత్త సెల్లు 3 వోల్టులకు కొంచెం పైనే చూపుతుంది. మీటర్లో 2.7 కంటే తక్కువ కనిపిస్తే మార్చేయడమే మేలు. తేదీ సరిగ్గానే ఉన్నా 2021 సెప్టెంబరు 30న ఎన్నో సైట్ల సర్టిఫికెట్లకు ఆధారమైన ఒక మూల (రూట్) సర్టిఫికెట్ గడువు తీరడంతో, అప్‌డేట్లు లేని పాత విండోస్‌లలో ఎన్నో సైట్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. క్రోమ్ కూడా 109వ వెర్షన్‌తో విండోస్ 7ను వదిలేసింది. వీటిలో ఏదీ కార్డు తప్పు కాదు.

విండోస్‌దా, హార్డ్‌వేర్‌దా అని ఇంకా తేలకపోతే పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్‌తో బూట్ చేయడం కంటే మంచి మధ్యవర్తి లేదు. 1 జీబీ ర్యామ్ ఉన్న 32-బిట్ మిషన్‌కు కూడా యాంటీఎక్స్ లాంటివి సరిపోతాయి. అందులో నెట్ వచ్చిందంటే కేసు విండోస్ మీదే.

నిజంగా పోయినప్పుడు

విడి కార్డయితే దాన్ని తీసి బంగారు పళ్లు చూడాలి. బండల యూనిట్లలో నీళ్లతో కోసిన రాయి బురద ఎండి తెల్లటి పొడిగా గాలిలో తేలుతుంది, ఫ్యాను పీల్చిన ప్రతిదీ సీపీయూలో పేరుకుంటుంది. వేసవంతా ఊరికే ఉన్న ఆ పొడి తొలకరి తేమకు గట్టిగా అంటుకుని స్లాట్‌లో సందుల్ని మూసేస్తుంది. జూన్, జులైల్లో ‘కార్డు పోయిందన్న’ సిస్టంలను ముందు ఈ కోణంలో చూడటం మంచిది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి, లేకపోతే గాలికి విపరీతంగా తిరిగి బేరింగ్ పోతుంది. కార్డు పళ్లను పెన్సిల్ రబ్బరుతో పైనుంచి కిందకు ఒకే దిశలో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవాలి. చేతులకు రాసుకునే శానిటైజర్ వద్దు, అందులోని జిగురు పదార్థం పళ్ల మీదే ఉండిపోతుంది. తర్వాత వేరే స్లాట్‌లో పెట్టి చూడాలి.

అప్పటికీ లైటు లేకపోతే మల్టీమీటర్ తీయాలి. పాత ప్యాచ్ కేబుల్ ఒకటి సగానికి కోసి, జాకు ఉన్న ముక్కను పోర్టులో గుచ్చి, రెండో చివర ఆరెంజ్ జత, పచ్చ జత తీగల తొడుగు ఒలవాలి. సిస్టం ఆపి, పవర్ పీకేసి ఉండాలి. మీటర్ 200 ఓమ్‌ల రేంజిలో పెట్టి తెలుపు-ఆరెంజ్‌కు ఒక ముల్లు, ఆరెంజ్‌కు ఇంకో ముల్లు తాకించాలి. పోర్టు వెనక ఉండే బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట బాగుంటే ఒకటి రెండు ఓమ్‌లు చూపుతుంది. పచ్చ జతకూ అంతే రావాలి. చవక మీటర్లో ఎడమ మూల ‘1’ అని నిలబడిపోయిందంటే చుట్ట తెగింది. ఆ కార్డు పోయినట్టే, ఇక సందేహం లేదు. రెండు జతలూ బాగా చూపించినా లైటు లేకపోతే చిప్ సంగతి చూడాలి. సిస్టం ఆన్ చేసిన రెండు నిమిషాలకే చిప్ మీద వేలు ఆనించలేనంత వేడిగా ఉంటే లోపల షార్టయినట్టు అనుకోవచ్చు.

చుట్టను తెంపేంత కరెంటు ఎక్కడినుంచి వచ్చింది? ఆ ట్రాన్స్‌ఫార్మర్ 1500 వోల్టుల దాకా అడ్డుకునేలా తయారవుతుంది. దాన్ని దాటిందంటే చాలావరకు పిడుగు తాలూకు సర్జే (ఒక్కసారిగా ఎగదన్నే వోల్టేజి) అయి ఉంటుంది. బ్రాడ్‌బ్యాండ్ టెలిఫోన్ తీగ మీద నడిచిన రోజుల్లో దారి స్పష్టంగా ఉండేది: స్తంభం మీది తీగ, మోడెం, ల్యాన్ కేబుల్, కార్డు. ఇప్పుడు ఫైబర్ వచ్చాక ఆ భయం లేదనుకుంటారు. గాజు తీగలో కరెంటు పారదు, నిజమే. కానీ ఆ ఫైబర్ వచ్చి తగిలే మోడెం డబ్బాకు 12 వోల్టుల అడాప్టర్ ఉంది, డబ్బా నుంచి సిస్టం దాకా రాగి ఉంది, కాటా గది నుంచి ఆఫీసుకు మిద్దెల మీదుగా ఇంకో రాగి తీగ ఉంది. రెండు భవనాల మధ్య రాగి కేబుల్ ఉన్నంతకాలం ఆ రెండు కార్డులకూ గండం ఉన్నట్టే. అక్కడ రాగి సంకేతాన్ని ఫైబర్‌లోకి మార్చే మీడియా కన్వర్టర్లు రెండు పెట్టి మధ్యలో ఫైబర్ లాగితే ఆ దారి మూసుకుపోతుంది.

అసలు విషయం ఎర్తింగ్. సీపీయూ రేకు డబ్బా తాకితే వేలు జివ్వుమనడం, టెస్టర్ పెడితే వెలగడం ఇక్కడ మామూలు విషయమైపోయింది. ఎస్ఎంపీఎస్‌లో ఫేజ్ నుంచి డబ్బాకు ఒక చిన్న కెపాసిటర్, న్యూట్రల్ నుంచి ఇంకొకటి ఉంటాయి. ఎర్త్ తగిలి ఉంటే వాటి లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే డబ్బా 230 వోల్టుల్లో సగం, అంటే 115 దగ్గర తేలుతుంది. ఆ 115 వోల్టులే కార్డును చంపవు, వాటి కరెంటు చాలా తక్కువ. కానీ అవి చెప్పే సంగతి పెద్దది: సర్జ్ వచ్చిన రోజు దానికి భూమిలోకి దారి లేదు, అది ల్యాన్ కేబుల్‌నే దారి చేసుకుంటుంది. ఇక ఎర్త్ లేని చోట సర్జ్ ప్రొటెక్టర్ కొని పెట్టినా అది చేయగలిగింది చాలా తక్కువ.

మూడో పిన్ను విరగ్గొట్టిన ప్లగ్గు, రెండు తీగల ఎక్స్‌టెన్షన్ బాక్సు ముందుగా వెతకాల్సినవి. అవి సరిగ్గా ఉన్నా డబ్బా జివ్వుమంటే ఎర్త్ గుంత దగ్గరికి వెళ్లాలి. అనంతపురంలో ఏడాదికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు. గరుసు నేల నీటిని పట్టి ఉంచదు. వేసిన రోజు బాగున్న ఎర్త్ గుంత మార్చి నాటికే బీటలు వారుతుంది. పైపు ఎర్తింగ్‌కు భారత ప్రమాణం ఐఎస్ 3043 ప్రకారం కనీసం 2.5 మీటర్ల పైపు దిగాలి. రాతిపొర తగిలి మీటరు దగ్గరే ఆపేసిన గుంతలు తక్కువేమీ కాదు. డిజిటల్ మీటర్‌తో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 చూపించిందని మురిసిపోకూడదు. ఆ మీటర్ లాగే కరెంటు దాదాపు లేనట్టే, ఎండిన గుంత కూడా దానికి 230 చూపగలదు. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టినప్పుడు న్యూట్రల్‌తో వెలిగినంత కాంతితో వెలగాలి. అది ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని, తెలియనివాళ్లు ముట్టుకోవద్దు. లీకేజీ బ్రేకర్ ఉన్న చోట ఈ పరీక్షకు అది ట్రిప్ అవుతుంది.

కొత్తది పెట్టేటప్పుడు

బోర్డు మీద పొడవాటి తెల్ల పీసీఐ స్లాట్లే ఉంటే పీసీఐ కార్డే కొనాలి. పొట్టిగా అంగుళం పొడవున్న స్లాట్ ఉంటే అది పీసీఐ ఎక్స్‌ప్రెస్, అందులో గిగాబిట్ కార్డు హాయిగా నడుస్తుంది. బోర్డు మీది చిప్ చచ్చి ఉంటే బయాస్‌లో దాన్ని డిజేబుల్ చేయాలి, లేకపోతే అప్పుడప్పుడు బూట్‌నే వేలాడదీస్తుంది. యూఎస్‌బీ అడాప్టర్ సులువైన దారి. కాకపోతే అతి చవక రకాల్లో 9700 నంబరు చిప్ ఉంటుంది, అది పాత యూఎస్‌బీ 1.1 వేగమైన 12 ఎంబీపీఎస్ దాటదు. రియల్‌టెక్ 8152 గానీ, ఏసిక్స్ 88772 గానీ చూసుకోవాలి. 100 ఎంబీపీఎస్ కార్డు మీద స్పీడ్ టెస్ట్ 94 దగ్గర ఆగితే అది లోపం కాదు, దాని గరిష్ఠమే అంత.

పాత కార్డుకు చేత్తో ఇచ్చిన ఐపీ అడ్రస్‌నే కొత్తదానికి ఇస్తే ‘ఈ అడ్రస్ వేరే అడాప్టర్‌కు ఉంది’ అని విండోస్ అడ్డుపడుతుంది. కార్డు పీకేసినా దాని రికార్డు లోపలే దాగి ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో దాచిన పరికరాలు చూపమని అడిగి, మసకగా కనిపించే పాత పేరును అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. ఇంత చేశాక కూడా 169.254 వదలకపోతే కేబుల్ ఆపరేటర్ దగ్గర పాత కార్డు ఫిజికల్ అడ్రస్ నమోదై ఉందేమో కనుక్కోవాలి. కొందరు ఆపరేటర్లు ఆ నంబరున్న కార్డుకే నెట్ ఇస్తారు. ఫోన్ చేసి మార్పించుకోవచ్చు. ఆదివారం ఫోన్ ఎత్తకపోతే డ్రైవర్ అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ‘నెట్‌వర్క్ అడ్రస్’ అన్న చోట పాత కార్డు స్టిక్కర్ మీది పన్నెండు అక్షరాలు మధ్యలో గీతలు లేకుండా కొట్టాలి. అందుకే చచ్చిన కార్డునైనా వెంటనే చెత్తలో పారేయకూడదు.